మా ఆయన గురక మధ్యలో ఆగిపోతోంది, నాకు భయంగా ఉంది

రాత్రిచుక్క | మార్చి 4, రాత్రి 2:10

ఈ వేళప్పుడు ఎవరైనా మేలుకుని ఉన్నారో లేదో గానీ, పొద్దున దాకా ఆగలేక రాస్తున్నా. మా ఆయనకి 46 ఏళ్లు. గురక పెళ్లయినప్పటి నుంచీ ఉంది, దానికి నేను ఎప్పుడో అలవాటు పడిపోయాను. ఇప్పుడు నన్ను లేపుతున్నది గురక కాదు, అది ఆగిపోవడం. గట్టిగా గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిశ్శబ్దం. పొట్ట ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి చప్పుడు మాత్రం ఉండదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఊపిరి తగల్లేదు. ఇందాక ఫోన్లో టైమర్ పెట్టి లెక్కపెట్టాను: 23 సెకన్లు. తర్వాత నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలినట్టు ఒక్కసారిగా గాలి లాక్కుని, అటు తిరిగి, మళ్లీ గురక. రెండు నిమిషాలైనా కాకముందే మళ్లీ అదే తంతు.

పొద్దున చెబితే "నేను హాయిగా పడుకున్నా, నీకే నిద్ర పట్టక ఏదేదో ఊహించుకుంటున్నావ్" అంటారు. హాయిగా పడుకున్న మనిషి మధ్యాహ్నం మీటింగులో ఎందుకు తూగుతారు? ఇది మామూలు గురకేనా? డాక్టర్ దగ్గరకి లాక్కెళ్లాలా?

పాతకాపు | మార్చి 4, ఉదయం 5:40

గురక అంటే గాఢనిద్ర తల్లీ. మా నాన్నగారు ఇల్లు అదిరేలా గురక పెట్టేవారు, 80 దాటాక పోయారు. ఇప్పుడు ప్రతిదానికీ ఒక జబ్బు పేరు పెట్టేశారు. చెవుల్లో దూది పెట్టుకుని పడుకోండి.

ల్యాబ్‌లాంతరు | మార్చి 4, ఉదయం 6:25

నేను స్లీప్ ల్యాబులో టెక్నీషియన్ని, ఇప్పుడే నైట్ డ్యూటీ దిగి ఇది చూశాను. పాతకాపు గారూ, పెద్దవారు, ఏమీ అనుకోకండి, గురక వస్తే గాఢనిద్ర అని అర్థం కాదు. గొంతు దారి ఇరుకై, అందులోంచి గాలి దూరుతుంటే అంగిలి, కొండనాలుక అదిరి వచ్చే చప్పుడు అది. గురక పెట్టే అందరికీ జబ్బు ఉండదు, నిజమే. కానీ మధ్యలో గురక ఆగి, ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలవుతోందంటే అది స్లీప్ ఆప్నియా అనుమానించాల్సిన మొదటి గుర్తు.

నిద్ర పట్టగానే ఒళ్లంతా వదులైనట్టే గొంతు కండరాలూ వదులవుతాయి. దారి మామూలుగానే ఇరుకుగా ఉన్నవాళ్లకి నాలుక మొదలు వెనక్కి జారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం లేపుతుంది, కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ కొన్ని సెకన్లే కాబట్టి ఆ మనిషికి గుర్తుండదు. రాత్రంతా వందల సార్లు లేచినా "హాయిగా పడుకున్నా" అనేది అందుకే. రాత్రిచుక్క గారూ, మీవారు అబద్ధం చెప్పడం లేదు, ఆయనకి నిజంగా తెలీదు. ఈ జబ్బుకి సాక్షి ఎప్పుడూ పక్కన పడుకున్నవాళ్లే.

పెద్దవాళ్లలో 10 సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కపెడతాం. మీరు లెక్కపెట్టింది 23. "పొట్ట ఎగసిపడుతోంది, గాలి మాత్రం లేదు" అన్నారు చూడండి, అది చాలా విలువైన మాట. అంటే ఊపిరి తీసుకోవాలని మెదడు చెబుతూనే ఉంది, ఒళ్లు ప్రయత్నిస్తూనే ఉంది, గొంతు దగ్గర తలుపు పడిపోయింది. పొట్ట, ఛాతీ కూడా కదలకుండా ఉంటే కథ వేరే, అక్కడ మెదడు నుంచే కబురు రావడం లేదన్నమాట. గుండె బలహీనపడినవాళ్లలో, కొన్ని రకాల నొప్పి మందులు వాడేవాళ్లలో అది కనిపిస్తుంటుంది.

ఒక పని చేయండి. ఈ రాత్రి వీడియో తీయండి. ముఖం, ఛాతీ రెండూ కనపడేలా, చప్పుడు వినపడేలా ఐదు నిమిషాలు చాలు. డాక్టర్‌కి మీరు అరగంట వివరించే దానికంటే అది మేలు.

మగతమామ | మార్చి 4, ఉదయం 9:05

అమ్మా, మీవారు కారు నడుపుతారా? నడిపితే ముందు ఆ తాళం మీ దగ్గర పెట్టుకోండి.

నా సంగతి చెబుతా. రెడ్ లైట్ దగ్గర ఆగాను, వెనక నుంచి హారన్లు కొడుతుంటే కళ్లు తెరిచాను. లైట్ ఎప్పుడు ఆకుపచ్చ అయిందో, నేనెప్పుడు కళ్లు మూశానో నాకు తెలీదు. బ్రేక్ మీద కాలు అలాగే ఉంది కాబట్టి సరిపోయింది. అంతకుముందు రెండేళ్లుగా ఉన్నవన్నీ విడివిడిగా పెట్టుకున్నాను: పొద్దున లేవగానే తలనొప్పి, ఒక గంటకి దానంతటదే తగ్గేది, "కళ్లజోడు మార్చాలి" అనుకున్నా. నోరు పిడచకట్టుకుపోయేది, "నీళ్లు తక్కువ తాగుతున్నా" అనుకున్నా. రాత్రి నాలుగు సార్లు బాత్రూమ్, "వయసు" అనుకున్నా. బీపీకి మూడు రకాల మాత్రలు వేసినా దిగేది కాదు, "టెన్షన్" అనుకున్నా. ఇంట్లోవాళ్ల మీద ఊరికే చిరచిరలాడేవాణ్ణి, దానికైతే ఏ కారణమూ వెతకలేదు. అన్నీ కలిపి చూసినవాడు చివరికి గుండె డాక్టరు. మాత్రలకి లొంగని బీపీ అనగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న "గురక వస్తుందా?" అని.

నిద్ర టెస్టులో గంటకి 41 సార్లు ఊపిరికి అడ్డం పడుతోందని వచ్చింది.

రాత్రిచుక్క | మార్చి 4, ఉదయం 9:50

మామగారూ, మీరు రాసింది చదివి చేతులు చల్లబడ్డాయి. ఈయన కూడా రాత్రి మూడు సార్లు లేస్తారు. షుగర్ అనుకుని టెస్ట్ చేయించాం, లేదన్నారు. అంతటితో వదిలేశాం. బాత్రూమ్‌కీ గురకకీ ఏం సంబంధమండీ?

ల్యాబ్‌లాంతరు | మార్చి 4, మధ్యాహ్నం 1:15

ఉంది. మూసుకుపోయిన గొంతుకి ఎదురుగా గట్టిగా ఊపిరి లాగుతుంటే ఛాతీలో ఒత్తిడి మారి, రక్తం గుండె వైపు ఎక్కువగా వస్తుంది, గుండె గది గోడ సాగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందేమో అనుకుని గుండె ఒక హార్మోన్ వదులుతుంది, అది కిడ్నీలకి "నీరు బయటికి పంపు" అని చెబుతుంది. చాలామంది ప్రోస్టేట్ అనుకుని ఏళ్లు గడిపేస్తారు. గొంతు మూసుకుపోకుండా మాస్క్‌తో గాలి పంపే మిషన్ పెట్టుకున్న మొదటి రాత్రే "ఒక్కసారి కూడా లేవలేదండీ" అని ఆశ్చర్యపోయిన పేషెంట్లని ఎంతమందిని చూశానో.

సన్నజాజి | మార్చి 4, మధ్యాహ్నం 3:30

ఇక్కడ అందరూ మగవాళ్ల గురకే మాట్లాడుతున్నారు, నేనో మాట కలపనా.

నాకు 53. పెద్ద గురకేం లేదు, ఉన్నా వినేవాళ్లు లేరు, ఒక్కదాన్నే పడుకుంటాను. ముట్లు ఆగిపోయిన ఏడాదికి మొదలైంది. పడుకున్న రెండు గంటలకి గుండె దడతో మెలకువ, మళ్లీ నిద్ర పట్టదు. పగలంతా ఒంట్లో ఎవరో ఇసుక బస్తా పెట్టినట్టు బరువు. చదివిన పేజీ మళ్లీ చదవాలి. డిప్రెషన్ అన్నారు, మందులు వాడాను. నిద్ర మాత్ర ఇచ్చారు, ఇంకా మత్తుగా అయింది. చివరికి తెలిసిన ఒకావిడ పట్టుబట్టి నిద్ర టెస్టుకి పంపితే గంటకి 19.

ఆడవాళ్లలో ఇది నిద్రలేమిలా, నీరసంలా, దిగులులా వేషం మార్చుకుని వస్తుందట. "గురక వస్తుందా" అని అడిగితే సిగ్గుపడి లేదంటాం కూడా. మెనోపాజ్ వరకూ హార్మోన్లు కొంత కాపాడతాయని, ఆ తర్వాత మగవాళ్లకీ మనకీ తేడా తగ్గిపోతుందని డాక్టర్ చెప్పారు. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉన్న అమ్మాయిలకి చిన్న వయసులోనే రావచ్చట. కడుపుతో ఉన్నప్పుడు కొత్తగా గట్టి గురక మొదలై బీపీ కూడా పెరుగుతుంటే తేలిగ్గా తీసుకోవద్దన్నారు.

గాలిపటం | మార్చి 4, సాయంత్రం 6:45

లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనుకునేవాళ్ల కోసం: నాకు 29 ఏళ్లు, 61 కిలోలు, గంటకి 22. నా గడ్డం కొంచెం వెనక్కి ఉంటుంది, పక్క నుంచి తీసిన ఫోటోలు నాకు నచ్చవు, అదన్నమాట కారణం. కింది దవడ వెనక్కి ఉంటే నాలుకకి చోటు చాలదు. ఆసియా దేశాలవాళ్లలో ముఖం ఎముకల అమరిక వల్ల తక్కువ బరువులోనే ఇది కనిపిస్తుందని డాక్టర్ అన్నారు. మా నాన్నకీ అదే గడ్డం, అదే గురక. జిమ్ముకి వెళ్లే నాకు ఇదేంటని స్నేహితులు ఒకటే నవ్వడం.

నాకు మాస్క్ కాదు, దంతవైద్యుడు కొలతలు తీసి చేసిచ్చిన క్లిప్పు లాంటిది. కింది దవడని కొన్ని మిల్లీమీటర్లు ముందుకి జరిపి పట్టుకుంటుంది. మొదటి వారం పొద్దున్నే దవడ నొప్పి, తర్వాత సర్దుకుంది. తీవ్రంగా ఉన్నవాళ్లకి ఇది చాలకపోవచ్చు.

కొలతబద్ద | మార్చి 4, రాత్రి 8:20

రాత్రిచుక్క గారూ, స్టాప్-బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నలు ఉంటాయి, టొరంటోలో మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కి ముందు అడగడానికి తయారుచేసి 2008లో ప్రచురించారు. మత్తు ఇచ్చాక గొంతు మూసుకుపోయే రోగి ఎవరో వాళ్లకి ముందే తెలియాలి కదా. ఒక్కో "అవును"కి ఒక్క మార్కు.

తలుపు వేసినా వినపడేంత గురక ఉందా, పగలు అలసటగా మగతగా ఉంటుందా, నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ కొలత మగవాళ్లయితే 43 సెంటీమీటర్లు, ఆడవాళ్లయితే 41, లేక ఆపైన ఉందా, మగవారేనా. రెండు లోపు వస్తే ప్రమాదం తక్కువ, మూడు నాలుగు మధ్యస్థం, ఐదు, ఆపైన అయితే ఎక్కువ. ఇది జబ్బు ఉందని తేల్చే పరీక్ష కాదు, టెస్టుకి వెళ్లాలా వద్దా అని చూసుకోడానికి. గాలిపటం తమ్ముడి లాంటివాళ్లు ఇందులో తప్పించుకుపోతారు కూడా.

రాత్రిచుక్క | మార్చి 4, రాత్రి 10:40

టైలరు టేపు తీసుకుని "షర్టు కొలత" అని చెప్పి మెడ కొలిచాను. 44. గురక, మగత, ఊపిరి ఆగడం, బీపీ (పోయిన ఏడాది నుంచి మాత్ర వేస్తున్నారు), మెడ, మగవారు. ఆరు! బీఎంఐ 31, వయసు 46, ఆ రెండే వదిలాయి.

నడిరేయి | మార్చి 5, ఉదయం 7:30

అక్కా, టెస్టులూ అవీ ఎందుకు, నోటికి టేపు వేసి పడుకోమనండి. రీల్స్‌లో అందరూ వేస్తున్నారు, నాకైతే గురక తగ్గింది. లేదా స్మార్ట్ వాచ్ కొనండి, అదే చెప్పేస్తుంది.

ల్యాబ్‌లాంతరు | మార్చి 5, ఉదయం 8:10

వద్దు నాన్నా, ఆ సలహా ఇక్కడ ఇవ్వకు. గొంతు మూసుకుపోయే మనిషి నోరు కూడా మూసేస్తే ఉన్న ఒక్క కిటికీ పోయినట్టే, పైగా ముక్కు దిబ్బడ ఉందంటే చెప్పనే అక్కర్లేదు. గురక తగ్గిందంటే ఊపిరి ఆగడం తగ్గిందని అర్థం కాదు. ఊపిరి ఆగినప్పుడూ గురక ఉండదు మరి.

వాచీలంటావా, ఆప్నియా అనుమానం ఉంటే హెచ్చరించే ఫీచర్లకి 2024లో అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, నిజమే. అది కూడా డాక్టర్ దగ్గరకి వెళ్లమని చెప్పడానికే. వాచీ ఏమీ చెప్పలేదు కాబట్టి జబ్బు లేదనుకోకూడదు.

చంటితల్లి | మార్చి 5, ఉదయం 11:25

పిల్లలకి కూడా వస్తుందండీ. మా వాడికి ఆరేళ్లు. నోరు తెరుచుకుని, తల వెనక్కి వాల్చి, మోకాళ్ల మీద బోర్లా పడి విచిత్రంగా పడుకునేవాడు. చెమటలు. పక్క తడపడం మానేసినవాడు మళ్లీ మొదలుపెట్టాడు. పగలు మాత్రం మగతగా ఏమీ ఉండడు, దానికి పూర్తి రివర్సు, ఒక్క చోట కుదురుండడు. టీచరు "ఏకాగ్రత లేదు, చూపించండి" అన్నారు. చూపిస్తే టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) రెండూ బాగా వాచి ఉన్నాయి. ఆపరేషన్ అయిన నెలకి వాడు నిద్రపోతుంటే ఊపిరి వినపడక నేనే నాలుగు సార్లు లేచి చూశాను! ఇప్పుడు స్కూల్లో కూడా బాగున్నాడు.

నిర్వాహకులు | మార్చి 5, మధ్యాహ్నం 12:00

ఇక్కడివన్నీ సభ్యుల అనుభవాలు, డాక్టర్ సలహాకి బదులు కావు. డ్రైవింగులో కునుకు వచ్చినవాళ్లు చికిత్స మొదలయ్యే దాకా బండి నడపకండి. నోటి టేపు వీడియో లింకు తీసేశాం.

రాత్రిచుక్క | మార్చి 21, రాత్రి 9:15

అందరికీ బాకీ ఉన్నాను, ఇదిగో సంగతులు.

వీడియో తీశాను. మర్నాడు టీ తాగుతుంటే మాట్లాడకుండా ఫోన్ ముందు పెట్టాను. మొదట నవ్వారు. ఊపిరి ఆగిన చోట నవ్వు ఆగింది. ఆ నిశ్శబ్దంలో తెలీకుండానే ఆయన కూడా ఊపిరి బిగబట్టారు. వీడియోలో ఆ మనిషి గాలి పీల్చుకున్నప్పుడే ఈ మనిషీ పీల్చుకున్నారు. "ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని అడిగారు, అంతే. ఆ వారమే డాక్టర్ దగ్గరకి వెళ్లాం.

టెస్టు ఒక రాత్రంతా అక్కడే. తల మీద, కళ్ల పక్కన, గడ్డం మీద, కాళ్లకి తీగలు, ముక్కులో సన్నటి గొట్టం, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి క్లిప్పు. "ఇన్ని తీగలతో నాకు నిద్రెలా పడుతుంది" అన్న పెద్దమనిషి పది నిమిషాల్లో గురక మొదలుపెట్టారని అక్కడి అమ్మాయి పొద్దున నవ్వుతూ చెప్పింది. రిపోర్టులో గంటకి 38. ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిపోయింది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఇంకా ఎక్కువ. ఇది తీవ్రమైన కోవలోకే వస్తుందన్నారు.

థైరాయిడ్ టెస్టు కూడా చేయించారు, అది తక్కువైనా ఇలా వస్తుందట. మాది మామూలుగానే ఉంది. పడుకునే ముందు మందు తాగడం, నిద్ర మాత్రలు వద్దన్నారు, గొంతు ఇంకా వదులవుతుందని. ఆయనకి వారాంతాల్లో మందు అలవాటుంది. నేను ఆ రాత్రులే గురక ఎక్కువని పదేళ్లుగా అంటూనే ఉన్నాను లెండి.

ల్యాబ్‌లాంతరు | మార్చి 22, ఉదయం 6:50

మంచి పని చేశారమ్మా. మిగతావాళ్ల కోసం ఆ సంఖ్య గురించి: పెద్దవాళ్లకి గంటకి ఐదు లోపు మామూలు. 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఊపిరి పూర్తిగా ఆగినవీ, సగం సగం ఆడినవీ కలిపి వేసే లెక్క ఇది. ఇంట్లో చేసే చిన్న టెస్టు కూడా ఉంది, తలకి తీగలుండవు. అందులో ఏమీ లేదని వచ్చి, లక్షణాలు మాత్రం గట్టిగా ఉంటే ల్యాబులో మళ్లీ చేయించాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

సీపాప్ మిషన్ ఇచ్చి ఉంటారు. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే డాక్టర్ మొదలుపెట్టిన పద్ధతి అది, తొలి మిషన్లకి వాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడారు. సూత్రం ఇప్పటికీ అదే: గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచడం. మొదటి రెండు వారాలు చాలామంది మాస్క్ తీసి గిరాటేస్తారు. మాస్క్ సైజు మార్పించండి, గాలి లీకవుతోందేమో చూడండి, ముక్కు ఎండిపోతుంటే నీటి పెట్టె వాడమనండి. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుంటే అలవాటవుతుంది. బరువు కూడా చూసుకోవాలి. 10 శాతం తగ్గితే ఆ సంఖ్య సుమారు పావు వంతు తగ్గుతుందని అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనలో తేలింది. బాగా తగ్గినా, మళ్లీ టెస్టు చేయించకుండా మిషన్ పక్కన పెట్టకూడదు.

మగతమామ | మార్చి 22, ఉదయం 8:30

అమ్మా, మీవారికి చెప్పండి, మొదటి రాత్రి నేను కూడా అద్దంలో చూసుకుని ఏనుగు తొండం వచ్చిందనుకున్నా. మూడో వారానికి అది లేకుండా నిద్ర పట్టడం మానేసింది. బీపీ మాత్రలు మూడు నుంచి రెండుకి దిగాయి, డాక్టరే తగ్గించారు, నా అంతట నేను కాదు.

రాత్రిచుక్క | ఏప్రిల్ 9, ఉదయం 7:05

మిషన్ మొదలుపెట్టి పద్దెనిమిది రోజులు. మొదటి నాలుగు రాత్రులు గొడవే, తెల్లారేసరికి మాస్క్ నేల మీద ఉండేది. చిన్న సైజు మార్చాక నిలిచింది. తలనొప్పి లేదు. రాత్రి ఒక్కసారి లేస్తున్నారు, ఒక్కోసారి అదీ లేదు. బీపీ ఇంకా అలాగే ఉంది, టైమ్ పడుతుందన్నారు. నాకే కొత్త ఇబ్బంది వచ్చింది. మిషన్ సన్నగా బుస్సుమంటూ ఉంటుంది తప్ప వేరే చప్పుడు లేదు, ఆ నిశ్శబ్దానికి ఇప్పటికీ ఉలిక్కిపడి లేచి ఆయన ఛాతీ వైపు చూస్తున్నాను.

పాతకాపు | ఏప్రిల్ 11, రాత్రి 11:50

అన్నీ చదువుతూనే ఉన్నాను. మా నాన్నగారు 80 దాటాక పోయారన్నాను గానీ, పోయింది నిద్రలో. 68 ఏళ్లప్పుడు ఒకసారి పక్షవాతం వచ్చింది కూడా. దీనివల్లే అని నేననను. లాంతరు గారూ, ఆ మెడ కొలత టేపు సరిగ్గా ఎక్కడ పెట్టాలి?

ల్యాబ్‌లాంతరు | ఏప్రిల్ 12, ఉదయం 6:30

మింగినప్పుడు గొంతు మీద పైకీ కిందకీ కదిలే ముడి ఉంటుంది కదండీ, దాని చుట్టూ. నిలబడి, తిన్నగా ఎదురుగా చూస్తూ. టేపు బిగించకండి. వేరే ఎవరినైనా కొలవమనండి, గురక సంగతి కూడా వాళ్లనే అడగండి.